తోరిక చెప్పింది

లామీ తీరంలోని సముద్ర పరిశోధన కేంద్రంలో ఆ సోమవారం పొద్దున డాక్టర్ తోరిక బులివౌ తన గదిలో కాకుండా పడవల షెడ్డులో కూర్చుని ఒక ఫారం నింపుతోంది. గదిలో ఫ్యాను తిరగడం లేదని అందరికీ చెప్పింది. ఫ్యాను బాగానే తిరుగుతోంది. ఆ ఫారంలో రాయాల్సిన అంకె తోటి సైంటిస్టుల కంట పడకూడదని ఆమె బాధ. ఆ వేళప్పుడు షెడ్డులో ఉండేది కేంద్రం పడవ నడిపే పెనాయా ఒక్కడే. అతను ఆమెకు మేనమామ కొడుకు, వరసకు బావ. ఫిజీలో బావామరదళ్లంటే ఒకరినొకరు ఆటపట్టించుకోవడానికే పుట్టినవాళ్లు. కోపం తెచ్చుకున్నవాళ్లు ఓడిపోయినట్టు లెక్క. ఆ సంగతి మరిచిపోయి షెడ్డుకి రావడం ఆమె చేసిన పొరపాటు.

"ఏం మరదలా, పన్ను పీకించుకోవడానికి వచ్చినదానిలా కూర్చున్నావు?" అన్నాడు పెనాయా, ఇంజను మీద నుంచి తలెత్తకుండానే.

"సీనియర్ గ్రేడుకి దరఖాస్తు, బావా. ఇన్నేళ్లలో ఎన్ని పేపర్లు రాశాను, వాటికి ఎన్ని సైటేషన్లు వచ్చాయి, అంతా లెక్కగట్టి చివర్న ఒక అంకె వెయ్యాలి."

"సైటేషన్ అంటే?"

"నేనొక సంగతి కనిపెట్టి రాశాననుకో. ఇంకెవరో తమ పేపర్లో దాన్ని వాడుకుని, ఇది ఫలానా తోరిక చెప్పింది అని నా పేరు రాస్తారు. అదొక సైటేషన్."

"నోటితో చెబితే?"

"లెక్కలోకి రాదు."

"అదేంటి? మా అమ్మ నోటితో చెప్పినవన్నీ లెక్కలోకి వచ్చాయి, నా వీపు మీద." పెనాయా చేతులు తుడుచుకుని దగ్గరికొచ్చాడు. "ఇంతకీ నీ అంకె ఎంత?"

ఆమె ఫారం మీద చెయ్యి అడ్డం పెట్టింది. తర్వాత తీసేసింది.

"మూడు."

"వందకా?"

"వందకి కాదు. దానికి పైహద్దంటూ లేదు. తలా మూడు సైటేషన్లకి తక్కువ కాకుండా తెచ్చుకున్న పేపర్లు నావి మూడున్నాయి అని దానర్థం. నాలుగు కావాలంటే నాలుగు పేపర్లకి తలా నాలుగు రావాలి."

"మన డైరెక్టర్ శలేంద్రకి?"

"పంతొమ్మిది."

"అతనికి ఈత కూడా రాదే," అన్నాడు పెనాయా.

ఆ వారం తిరగకముందే కేంద్రంలో తోటమాలి దగ్గర్నుంచి అందరూ ఆమెను 'మూడో నంబరు' అనడం మొదలుపెట్టారు. లామీ సంతలో చేమాకు కట్టలు అమ్మే ఆవిడ కూడా, "మూడు కట్టలేనా, ఇంకోటి వెయ్యనా?" అని నవ్వింది. పెనాయా నోటికి అందని చోటంటూ లేదు.

తోరిక రేవా నది సముద్రంలో కలిసేచోట, మడ అడవుల మధ్య ఊళ్లో పుట్టింది. తల్లిది కందావు దీవి. నడక వచ్చింది మొదలు తల్లి వెనకే బురదలో పీతల కోసం తిరిగింది. స్కాలర్‌షిప్ వచ్చి, సముద్రం గురించి చదవడానికి రాజధాని సువా వెళతానన్నప్పుడు, "సముద్రం ఇక్కడుంటే చదువు అక్కడేమిటే?" అని తల్లి నిజంగానే అర్థంకాక అడిగింది. చదువయ్యాక కేంద్రంలో చేరి ఇరవై ఆరేళ్లయింది. స్కూలు మాస్టారిని పెళ్లాడింది, ఇద్దరు కూతుళ్లను పెంచింది, పదకొండు పేపర్లు రాసింది. యాభై రెండేళ్లకి అవి తక్కువేనని ఆమెకూ తెలుసు. కానీ ఒక్కో పేపరూ అచ్చయ్యాక దాన్ని ఫిజీ భాషలో రెండు పేజీలకి కుదించి, బొమ్మలు గీసి, తీరపు ఊళ్లకి పంపడం ఆమె అలవాటు. ఆ రెండు పేజీలకి పట్టే కాలంలో వేరేవాళ్లు ఇంకో పేపరు రాసేసేవారు.

ఆమె పేపర్లలో ముఖ్యమైనది 2003లో రాసింది. అది దైరోల గురించి. దైరో అంటే సముద్రపు దోసకాయ. ఇసుకలో సగం కూరుకుని పడుకునే బద్ధకపు జీవి. ఆడవాళ్లు ఆటు సమయంలో ఏరుకొచ్చి, కడిగి, నిమ్మరసం పిండి వడ్డిస్తే ఇంటిల్లిపాదీ లొట్టలేసుకుంటూ తింటారు. తోరిక ఆ పేపర్లో రెండు మాటలు చెప్పింది. దైరోలు దూరదూరంగా ఉంటే సంతానం ఉండదు, పెద్దవి దగ్గరదగ్గరగా ఉండాలి. రెండోది, నవంబరు నుంచి జనవరి దాకా పున్నమి రోజుల్లో అవి గుడ్లు వదులుతాయి, అప్పుడు వాటి జోలికి పోకూడదు. పంతొమ్మిదేళ్లలో ఆ పేపరుని ఉదహరించింది ముప్పై ఎనిమిది మంది.

ఫారం ఇచ్చేసింది. గ్రేడు ఆ ఏడాదికి రాలేదు. శలేంద్ర ఆమెకంటే పన్నెండేళ్లు చిన్న, ఒకప్పుడు ఆమె దగ్గరే దైరోలు కొలవడం నేర్చుకున్నవాడు. ఆ కబురు చెప్పడానికి తనే ఆమె గదికి వచ్చి, కూర్చోకుండా నిలబడే ఉన్నాడు.

"కమిటీ వాళ్లు వచ్చే ఏడాది చూద్దామన్నారక్కా."

"చూడనీ. కూర్చో, టీ తాగు," అంది తోరిక. ఆమెకు బాధ కలిగింది గాని, అతని మొహం చూస్తే అతన్ని ఓదార్చడమే ముందు పని అనిపించింది.

ఈ కబురు విన్న పెనాయా మాత్రం వేళాకోళం మానేశాడు. అంతకంటే పెద్ద పని పెట్టుకున్నాడు. సైంటిస్టుల్ని దీవులకి తీసుకెళ్లి దించి, వాళ్ల పనయ్యేదాకా ఊళ్లో కాచుకుని ఉండటం అతని ఉద్యోగం. ఏ ఊరు వెళ్లినా సాయంత్రాలు అందరితో చాప మీద కూర్చుని కొబ్బరిచిప్పతో యాంగోనా వేళ్ల పానీయం తాగుతూ కబుర్లాడటం ఎలాగూ ఉన్నదే. ఆ కబుర్లలో ఒక ప్రశ్న కలిపాడు: "మీ ఊళ్లో దైరోలకి ఏమైనా కట్టుబాటుందా? ఉంటే ఎవరు చెప్పారు?"

నవంబరు మధ్యలో ఒకరోజు తోరిక బల్ల మీద ఒక స్కూలు నోటుబుక్కు పడేశాడు.

"ఇవిగో నీ సైటేషన్లు. నలభై ఒక్క ఊళ్లు. అడిగినచోటల్లా ఒకటే మాట, తోరిక చెప్పింది అని."

తోరిక నమ్మలేదు. ఆమె తన చేత్తో కాగితాలిచ్చిన ఊళ్లు పది, పన్నెండు. మిగతావాటికి ఆ మాట ఎలా చేరింది? పెనాయా అదీ కనుక్కున్నాడు. ఒక ఊరి ఆడపిల్ల ఇంకో ఊరి కోడలై వెళ్తూ పట్టుకెళ్లింది. రగ్బీ పోటీలకి వచ్చినవాళ్లు విని వెళ్లారు. ఒక పాస్టరు బదిలీ అయినచోటల్లా చెప్పుకుంటూ పోయాడు.

ఆమె పేజీలు తిప్పింది. మొదటివి నెమ్మదిగా, పైకే చదువుకుంది. తోరిక చెప్పింది, పెద్ద దైరోల్ని ఒకచోట చేర్చి ఉంచాలి. తోరిక చెప్పింది, అరచెయ్యి కన్నా చిన్నవి తియ్యకూడదు. ఆ తర్వాతవి చదివి కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకుంది.

"దైరోల దగ్గర ఈల వేస్తే అలుగుతాయని నేనెప్పుడన్నాను?"

"అన్నావట. ఆ ఊళ్లో సముద్రం దగ్గర ఎవ్వరూ ఈల వెయ్యరు."

"ఆదివారం దైరో తింటే కడుపునొప్పి వస్తుందా?"

"అది పాస్టరు గారు నీ పేరు మీద కలిపి ఉంటాడు. నువ్వు చెప్పావంటే వింటారు గదా."

తోరిక నవ్వాపుకోలేక బల్ల మీద తలవాల్చింది. "పేపర్లలోనూ ఇంతే బావా. నన్ను ఉదహరించిన ముప్పై ఎనిమిది మందిలో ఆరుగురు నేను అనని మాట నాకు అంటగట్టారు. ఒకాయన నన్ను మగవాణ్ని చేశాడు."

"అదీ మార్కేనా?"

"మార్కే. తిట్టినా మార్కే."

"ఈ లెక్కన మా ఆవిడ నన్ను ఎప్పుడో ప్రొఫెసర్ని చేసేసింది."

చివరి పేజీలో ఒకటే వరుస ఉంది. ఊరు: నుకులేవు, కందావు దీవి. తోరిక చెప్పింది తప్పు.

"ఇదెవరు?" అంది తోరిక, నవ్వు ఆగిపోయి.

"సైనిమిలి అవ్వ. డెబ్భై ఎనిమిదేళ్లు ఉంటాయి. ఏం తప్పు అవ్వా అంటే నాకు చెప్పదట. వచ్చే వారంలో ఆ పిల్లనే రమ్మను అంది."

తోరిక ఆ వరుస మీద వేలు పెట్టి రెండుసార్లు చదివింది. పంతొమ్మిదేళ్లలో ఆ పేపరు గురించి తప్పని అన్నవాళ్లు ఒక్కరూ లేరు. సరే అన్నవాళ్లు కూడా చదివి అన్నారో లేదో ఆమెకు అనుమానమే. వారం తర్వాత ఆమె పెనాయా పడవలో నుకులేవు బయల్దేరింది.

ఊరి పెద్దకి యాంగోనా వేళ్ల కట్ట సమర్పించి, మూడుసార్లు చప్పట్లు కొట్టి, చిప్ప తాగి, అనుమతి తీసుకునేసరికి మధ్యాహ్నమైంది. సైనిమిలి అవ్వ ఆ సభకి రాలేదు. ఒడ్డున ఒక చెట్టు నీడలో కొబ్బరాకు బుట్టలాంటిది అల్లుకుంటూ కూర్చుని ఉంది. తోరికను కింద నుంచి పైదాకా చూసింది.

"నువ్వేనా తోరిక?"

"నేనే అవ్వా."

"ఇంకా పొడుగ్గా ఉంటావనుకున్నాను. కూర్చో."

తోరిక ఇసుకలో కూర్చుంది. "నేను చెప్పింది తప్పన్నారట."

"అన్నాను. దైరోలు పున్నమికి గుడ్లు వదులుతాయన్నావు. నిజమే, వదులుతాయి. నువ్వు ఎన్నిసార్లు చూశావు?"

"రెండేళ్లు చూశానవ్వా. ఆ మూడు నెలల్లో ప్రతి పున్నమికీ అయిదేసి రోజులు."

"అమావాస్యకి?"

అప్పట్లో నెలకి ఒక్కసారే పడవ ఇచ్చేవారు. వేరే దేశాల పుస్తకాల్లో పున్నమి అని ఉంది కాబట్టి ఆమె పున్నమికే అడిగేది.

"వెళ్లలేదు," అంది తోరిక.

"చూశావా మరి. నేను ఆదివారమే చర్చికి వెళ్లి, ఈ ఊరివాళ్లు ఏడు రోజులూ తెల్లబట్టలే కట్టుకుంటారని ఊరూరా చెప్పినట్టుంది నీ వరస."

వెనకాల పెనాయా పొట్ట పట్టుకుని నవ్వాడు. తోరిక చెవులు వేడెక్కాయి. కానీ ఆ వేడి సిగ్గుది మాత్రమే కాదు. చిన్నప్పుడు బురదలో పీత కన్నం కనిపించినప్పుడు కూడా ఆమె చెవులు ఇలాగే వేడెక్కేవి.

"అమావాస్య ఎల్లుండే కదవ్వా," అంది.

"అందుకే ఈ వారం రమ్మన్నాను. ఆ రోజు మధ్యాహ్నం నాతో రా. టోపీ పెట్టుకో. ఆ యంత్రాలేవో తెచ్చుకో."

అమావాస్య నాడు మిట్టమధ్యాహ్నానికి సముద్రం బాగా వెనక్కి పోయింది. గడ్డి పెరిగిన ఇసుక మేట మీద నీళ్లు చీలమండల లోతే మిగిలాయి. ఎండకి అవి కాగి, కాలు పెడితే చురుక్కుమంటున్నాయి. సైనిమిలి అవ్వ నడుముకి చుట్టుకున్న సులు బట్టని మోకాళ్ల పైకి దోపుకుని, కర్ర ఊతంగా నిలబడింది. పక్కన తోరిక. వాళ్ల వెనక థర్మామీటరు తాడు పట్టుకుని పెనాయా.

"ముప్పై అయిదు," అన్నాడతను. పావుగంట తర్వాత మళ్లీ, "ముప్పై అయిదున్నర. మరదలా, దైరోల మాటేమో గాని నేను ఉడికిపోతున్నాను."

"నోరు మూసుకుని ఉండు నాయనా," అంది అవ్వ. "నువ్వు మాట్లాడితే నీళ్లు ఇంకా కాగుతాయి."

రెండు దాటాక పోటు తిరిగింది. పగడపు దిబ్బ అంచు మీదుగా లోతు సముద్రపు నీళ్లు పల్చటి పొరలా పాకుతూ వచ్చాయి. తోరిక పాదాలకి చల్లగా తగిలాయి. అవ్వ కర్రతో నీటి మీద తట్టింది.

"ఇప్పుడు చూడు."

మొదట ఒకటి లేచింది. ఇసుకలోంచి బయటపడి, ముందు సగం పైకెత్తి, పడగ ఎత్తిన పాములా నెమ్మదిగా అటూ ఇటూ ఊగింది. దాని నెత్తి మీద నుంచి పాల చారలాంటిది సన్నగా సాగింది. దానికి రెండడుగుల దూరంలో ఇంకొకటి. తర్వాత అయిదు, పది. కాసేపటికి లెక్కపెట్టడానికి వీల్లేకపోయింది. ఆ మేట మేటంతా లేచి నిలబడి ఊగుతోంది. నీళ్లు తెల్లబడ్డాయి. తోరిక ఒంటిమీద ఉన్న బట్టలతోనే మోకాళ్ల మీద కూలబడి, మొహం నీళ్లలో ముంచి చూసింది. తలెత్తినప్పుడు ఆమె చిన్నపిల్లలా నవ్వుతోంది.

"బావా, ఎంతుంది?"

"ముప్పై. అయిదున్నర దిగింది."

"చంద్రుడు కాదు," అంది తోరిక. "అవ్వా, చంద్రుడు కాదు. ఈ నీళ్లు. పున్నమికైనా అమావాస్యకైనా మిట్టమధ్యాహ్నమే కదా పెద్ద ఆటు. ఎండకి నీళ్లు కాగుతాయి. పోటు రాగానే చల్లబడతాయి. అదీ వీటిని లేపేది."

"కాగిన ఒంటి మీద చన్నీళ్లు పోస్తే ఎవరు మాత్రం లేవరు?" అంది అవ్వ. "మా అత్త నాకు చెప్పింది ఇదే. నీళ్లు కాగాలి, చల్లబడాలి అని. చంద్రుడి పేరు ఆవిడ ఎత్తనే లేదు."

తోరిక తడిసిన జుట్టు వెనక్కి తోసుకుంటూ ఉన్నట్టుండి ఆగిపోయింది. నోటుబుక్కులో ఊరూరా కనిపించిన ఒక మాట గుర్తొచ్చింది. పున్నమికి తియ్యకూడదు, అమావాస్యకి తెచ్చుకోవాలి.

"అవ్వా, నా మూలాన నలభై ఊళ్లు ఇవాళ దైరోలు ఏరుకుంటున్నాయి."

"ఏరుకుంటున్నాయి. ఈ ఊళ్లో నేను ఏరనివ్వలేదు. అందుకే తప్పన్నాను."

"ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదు?"

"ఎవరికి చెప్పను? నీ కాగితం వచ్చింది. నువ్వు రాలేదు."

ఆ మాట తోరికకు గట్టిగానే తగిలింది. కానీ అవ్వ అప్పటికే ఆమె మోచెయ్యి పట్టుకుని పైకి లేపుతోంది. "పద, ముందు తిందువుగాని. కర్రపెండలం ఉడికింది. తప్పు దిద్దుకోవడానికి కూడా కడుపు నిండి ఉండాలి."

తోరిక లామీకి తిరిగొచ్చి నేరుగా శలేంద్ర గదికి వెళ్లింది. జరిగింది విన్నాక అతను నుదురు రుద్దుకున్నాడు.

"అక్కా, పేపర్లో తప్పు తేలితే పత్రికకి ఒక సవరణ లేఖ రాస్తే సరిపోతుంది. అందరూ చేసేదదే."

"రాస్తాను. ఆ లేఖ చదివేవాళ్లు ముప్పై ఎనిమిది మంది శలేంద్రా. మిగతా నలభై ఊళ్లవాళ్లు లేఖలు చదవరు. నాకు పడవ కావాలి. డిసెంబరు అమావాస్య లోపల ఎన్ని ఊళ్లయితే అన్ని."

శలేంద్ర గోడమీద క్యాలెండరు చూశాడు, డీజిల్ పుస్తకం చూశాడు, ఆమె మొహం చూశాడు. "పడవ తీసుకో," అన్నాడు. తర్వాత, "ఒక ట్రిప్పుకి నేనూ వస్తాను," అన్నాడు. వచ్చాడు కూడా. దారి పొడుగునా లైఫ్ జాకెట్టు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.

మొదట రేడియోలో చెప్పింది. అది బెడిసికొట్టింది. ఎవరో తోరిక పేరు పెట్టుకుని రేడియోలో అడ్డదిడ్డంగా మాట్లాడుతున్నారని, నమ్మవద్దని, రెండు ఊళ్లలో పెద్దలు చాటింపు వేయించారు. ఇక తనే స్వయంగా వెళ్లక తప్పలేదు. ఓవలౌ దీవి వైపు ఒక ఊళ్లో అయితే, ఆ ఊరి పెద్ద ఆమె చెప్పిందంతా విని తల అడ్డంగా ఊపాడు.

"మేము తోరిక మాట తప్ప ఇంకొకరి మాట వినం."

"నేనే తోరికనండి."

"అయితే పున్నమి అని చెప్పింది ఎవరు?"

"అదీ నేనే."

"అప్పుడు చెప్పింది అబద్ధమా మరి?"

"అబద్ధం కాదండి. సగం."

"మా ఊళ్లో పంతొమ్మిదేళ్లుగా ఆ సగంతోనే దైరోలు బాగా పెరిగాయి," అన్నాడాయన మొండిగా. చుట్టూ ఉన్నవాళ్లు అవునన్నట్టు తలలూపారు. తోరిక చెప్పినదాని మీద తోరికతోనే పోట్లాడుతున్న ఆ మనుషుల్ని చూస్తే ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

రెండోసారి ఆ ఊరు వెళ్లినప్పుడు సైనిమిలి అవ్వను వెంటబెట్టుకుని వెళ్లింది. అవ్వ కందావు దాటి పదహారేళ్లయింది. పూలచొక్కా వేసుకుని, పడవ ముందు భాగాన రాణిలా కూర్చుని, కనపడిన ప్రతి దీవి గురించి ఏదో ఒక చాడీ చెప్పింది. ఆ ఊళ్లో దిగాక ఊరి పెద్దతో ఎక్కువ మాట్లాడలేదు.

"మీ ఇళ్లల్లో అందరికంటే పెద్ద ఆడమనిషి ఎవరు?" అని అడిగింది.

ఒక ముసలావిడని తీసుకొచ్చారు. ఇద్దరూ చాప మీద పక్కపక్కన కూర్చుని గుసగుసలాడుకున్నారు. కాసేపటికి ఆ ఊరి ముసలావిడ తలెత్తి, "కాగిన నీళ్లు, చల్లనీళ్లు. అవును. మా అమ్మా అనేది. ఈ కాగితం వచ్చాక ఎవరూ నన్ను అడగలేదు," అంది. ఊరి పెద్ద ఆవిడ కొడుకే. అతను చిప్ప కింద పెట్టి, తల గోక్కుని, సరే అన్నాడు.

ఆ పద్ధతి తర్వాత అన్నిచోట్లా పనికొచ్చింది. ఫిబ్రవరి వచ్చేసరికి ముప్పై ఏడు ఊళ్లు తిరిగారు. ప్రతిచోటా తోరిక నిలబడి, "నేను చెప్పినదాంట్లో సగం తప్పు, మీకు చెప్పడానికి వచ్చాను," అనేది. ప్రతిచోటా ముందు నవ్వులు, ఆ తర్వాత భోజనం. చేమాకు కొబ్బరిపాలలో, నిమ్మరసంలో నానిన పచ్చిచేప, వద్దన్నా ఇంకో చిప్ప యాంగోనా. తప్పొప్పుకోవడానికి వెళ్లి ఆమె నాలుగు కిలోలు పెరిగింది. "ఇంకో పేపరు తప్పు రాయి మరదలా, ఈ చొక్కాలు నాకింకా పట్టేలా ఉన్నాయి," అన్నాడు పెనాయా.

ఆ వర్షాకాలమంతా ఆమె కొత్త పేపరు రాసింది. రచయితల పేర్లలో మొదట సైనిమిలి అవ్వ పేరు పెట్టింది, రెండోది తనది, మూడోది థర్మామీటరు పట్టుకున్న పెనాయాది. మొదటి రచయిత పనిచేసే సంస్థ ఏదని పత్రికవాళ్లు అడిగారు. నుకులేవు ఊరి ఆడవాళ్లు అని రాసింది. పత్రిక తరఫున పేపరు పరిశీలించినవాళ్లలో ఒకరు, మొదటి రచయిత ఎన్నేళ్ల పాటు గమనించారో స్పష్టం చేయాలని కోరారు. తోరిక ఫోను చేసి అడిగింది.

"పన్నెండో ఏట మొదలుపెట్టాను," అంది అవ్వ. "అరవై ఆరేళ్లు అని రాయి. ఆగు, అరవై అయిదు. పెళ్లయిన ఏడాది నేను సముద్రం వైపు సరిగ్గా చూడలేదు."

అరవై అయిదేళ్లు అని రాసింది. కారణం అడిగితే చెబుదామని చూసింది గాని, వాళ్లు అడగలేదు.

ఆ పేపరు అచ్చయిన ఏడాదిలోనే ఉత్తరాలు రావడం మొదలైంది. సొలొమన్ దీవుల నుంచి, న్యూ కలెడోనియా నుంచి, ఆస్ట్రేలియా ఉత్తర తీరం నుంచి. తమ దగ్గరా అమావాస్యకి చూశామని కొందరు, తమ దగ్గర ఎందుకు లేవడం లేదని కొందరు. కొత్త పేపరు చదివినవాళ్లు వెనక్కి వెళ్లి పాతవి కూడా తిరగేశారు. సవరించుకున్న మనిషి మాట కాబట్టి నమ్మవచ్చనుకున్నారో ఏమో, ఆమె పాత పేపర్లకీ సైటేషన్లు రాసాగాయి. అంకె నాలుగైంది, అయిదైంది. మరుసటి ఏడాది జులైలో సీనియర్ గ్రేడు వచ్చింది. కబురు చెప్పడానికి శలేంద్ర ఈసారి పరుగెత్తుకుంటూ వచ్చాడు. గ్రేడు వచ్చినవాళ్లకి నెలకి రెండుసార్లు పడవ అడిగే హక్కు ఉంటుంది. తోరికకు అన్నిటికంటే అదే నచ్చింది.

శనివారం కేంద్రం ఆవరణలో గొయ్యి తవ్వి, రాళ్లు కాల్చి, పంది మాంసం, చేమదుంపలు, చేపలు ఆకుల్లో చుట్టి పెట్టి మట్టి కప్పారు. నుకులేవు నుంచి పదకొండు మంది ఆడవాళ్లు పడవ నిండా వచ్చారు. గొయ్యి తెరిచేదాకా అందరూ చాపల మీద కూర్చున్నారు. సైనిమిలి అవ్వ తోరికను పక్కకి లాక్కుంది.

"ఆ అంకె సంగతి ఏంటో చెప్పు. ఇప్పుడు నీది ఎంత?"

"అయిదవ్వా."

"ఎన్ని పేపర్లకి?"

"పన్నెండు."

"నాకూ ఉంటుందా అంకె?"

"ఉంటుంది. మీది ఒకటి."

"నేను రాసింది ఎన్ని?"

"ఒకటే."

అవ్వ వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంది. ఆమె మొహం మెల్లగా విచ్చుకుంది.

"ఒక్కటి రాస్తే ఒకటి వచ్చింది నాకు. నువ్వు పన్నెండు రాసి అయిదు తెచ్చుకున్నావు. ఇద్దరిలో ఎవరు బాగా చేసినట్టు?"

తోరిక ఆలోచించి చూసింది. లెక్కలో ఎక్కడా పొరపాటు దొరకలేదు. పక్కనున్న పెనాయా అప్పటికే ఈ మాట పట్టుకుని వంటగొయ్యి వైపు పరుగు పెడుతున్నాడు.

"మీరే అవ్వా," అంది తోరిక.

"అనుకున్నాను," అంది అవ్వ. కర్ర పుచ్చుకుని లేచింది. గొయ్యి మీద మట్టి తీస్తున్నారు, ఆవిరి పైకి లేస్తోంది. "నవంబరుకి వస్తావుగా? ఉత్తరం వైపు మేట మీద చిన్నవి ఇంకో రకంగా లేస్తున్నాయి. నాకది ఇంకా అర్థం కాలేదు."

"ఇంకో రకంగానా? ఎలా?"

"ముందు తిను," అని అవ్వ ఆమెను చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయింది. తోరిక ఆకు ముందు కూర్చుంది గాని, మాంసం ముక్క చేతిలో పట్టుకునే, ఆ చిన్నవాటి గురించి ఒకదాని తర్వాత ఒకటి ప్రశ్నలు అడుగుతూనే ఉంది.